పక్షి వాలని పురం

నీలశిలానగరాన్ని దూరం నుంచి చూసిన బాటసారులు నేలమీద దిగిన కారుమేఘమని భ్రమపడేవారు. దగ్గరికి వచ్చాక ఆ భ్రమ ఎవరికీ మిగిలేది కాదు. ఏడు ప్రాకారాలు, నాలుగు వందల మేడలు, రాణివాసం, గజశాలలు, చివరికి కూలివాళ్ళు పడుకునే కొట్టళ్ళు సైతం ఒకే నల్లరాతితో కట్టినవి. అద్దంలా నునుపు తేల్చిన ఆ గోడల్లో చీమ దూరే సందు లేదు. కిటికీ అన్నది అక్కడ నిషిద్ధం. చూరు లేదు కనుక పిచ్చుక లేదు. చెట్టు లేదు కనుక చిలుక లేదు. పువ్వు లేదు కనుక తేనెటీగ లేదు. పొద్దు పొడవగానే రాయి ఎండను తాగడం మొదలుపెట్టేది. పొద్దు గుంకాక, తాగినదంతా లోపలి మనుషుల మీద కక్కేది. నగరం నడిబొడ్డున, పది తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలిపినంత ఎత్తున, మాంత్రికుడు జ్వాలాకంఠుడి ధూమస్తంభం ఉండేది. దాని నోట్లోంచి వేడి ఆవిరి నిరంతరం బుసలు కొడుతూ వెలువడేది. దారి తప్పి ఆ పైగా ఎగిరిన కొంగలు రెక్కలు కమిలి వీధుల్లో రాలేవి.

అటువంటి నగరంలో, వేసవి ముదురుతున్న ఒక ఉదయం, కేదారుడు సంకెళ్ళతో రాజసభలో నిలబడి ఉన్నాడు.

అతడు మలయవతి కొండల్లో మట్టి ఇళ్ళు కట్టే వంశంవాడు. రెండేళ్ళ కిందట రాజభటులు ఆ కొండలమీద పడి, రాళ్ళు మోయడానికి పట్టుకుపోయిన వాళ్ళలో అతడి అక్క చెంగలి ఉంది. ఆమెను వెతుక్కుంటూ, సున్నం అమ్మేవాడి వేషంలో కేదారుడు నగరంలో దూరాడు. తొమ్మిది రోజులు వీధి వీధీ తిరిగి కూలివాళ్ళ కొట్టడి చేరేసరికి తెలిసిన సంగతి ఒక్కటే. నిరుటి రోహిణి కార్తెలో, తలుపు బిగించిన ఆ రాతికొట్టడిలో ఊపిరాడక చెంగలి పోయింది. కేదారుడు ఏడవలేదు. సున్నం బుట్ట కింద పెట్టి, అడుగున దాచుకున్న ఉలి తీసి, కొట్టడి గోడకు కన్నం పెట్టడం మొదలుపెట్టాడు. భటులు వచ్చి మీద పడేసరికి లోపలి జనం ఆ కన్నం దగ్గర మూతులు ఆనించి, వంతులవారీగా గాలి పీలుస్తున్నారు.

రాజు రణధవళుడు యుద్ధాల్లో రాటుదేలినవాడు. ఒకప్పుడు శత్రువులు నిప్పంటించగా అతడి పాత నగరం ఒక్క పూటలో బూడిద అయింది. అప్పటినుంచి నిప్పంటని నగరం కావాలన్న కోరిక అతణ్ణి పట్టి పీడించింది. ఆ కోరిక తీర్చినవాడు జ్వాలాకంఠుడు. నాటినుంచి రాజు ఆ మాంత్రికుడి చేతిలో కీలుబొమ్మ.

"గోడకు కన్నం పెట్టినవాడికి ఇక్కడ శిక్ష ఏమిటో తెలుసునా?" అని అడిగాడు రాజు.

"తెలుసు ప్రభూ. గోడ కట్టినవాడికి ఏం శిక్షో మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నాడు కేదారుడు.

దళవాయి కరాళుడు కత్తి దూసి ముందుకు వచ్చాడు. అంతలో సింహాసనం పక్కనుంచి పొడి నవ్వొకటి వినిపించింది. జ్వాలాకంఠుడు లేచాడు. బూడిదరంగు ఒళ్ళు, రాగి తీగెల్లాంటి జడలు, నోరు తెరిచినప్పుడల్లా గొంతులో కణకణలాడే నిప్పు. ఇంత నోరున్నవాణ్ణి ఊరికే చంపితే రుచి ఏముందని అతడు రాజుకు చెప్పాడు. వీడు అంతటి పనివాడే అయితే ఇల్లు కట్టి చూపించమన్నాడు. ఆ మీదట ఒక్కొక్క షరతూ నిప్పురవ్వలా రాల్చాడు.

నగరానికి తూర్పుగా, ప్రాకారాల బయట, కుమ్మరిపేట ఉంది. అందులో మూడు వందల మంది. వాళ్ళందరికీ చాలిన ఒక్క ఇల్లు ఇరవై ఒక్క రోజుల్లో కేదారుడు కట్టాలి. రాజుగారి గనిలో రాయి గానీ, అడవిలో కర్ర గానీ, కొలువులో మనిషిని గానీ ముట్టరాదు. రోహిణి చివరి రోజున పేట జనమంతా ఆ ఇంట్లో చేరాలి. తలుపు బయటనుంచి బిగిస్తారు. పొద్దు వాలేలోగా ఒక్క ప్రాణం పోయినా, ఒక్కరు గడప దాటినా కేదారుడి తల కోటగుమ్మానికి వేలాడుతుంది, పేట జనం మారు మాట్లాడకుండా రాతికొట్టళ్ళకు తరలాలి. అందరూ బతికి బయటపడితే నగరంలో ప్రతి గోడకూ కిటికీ పెట్టుకోవచ్చు.

రాజు సరేనన్నాడు. కేదారుడూ సరేనన్నాడు. పేటవాళ్ళను ఎవరూ అడగలేదు.

కుమ్మరిపేటలో కేదారుడికి మొదట ఎదురైనది రాయి. అది నుదుట తగిలి నెత్తురు చిమ్మింది. విసిరినది ఓబవ్వ, పేటకు పెద్ద. డెబ్బై ఏళ్ళు దాటినా సారె తిప్పిన ఆ చేతుల్లో సత్తువ చావలేదు. ఆమె వెనక పేటంతా కర్రలు పట్టుకుని నిలబడి ఉంది.

"పందెం కాసింది నువ్వు. పణం మేమా?" అంది ఓబవ్వ. "తల నీది ఒకటి. మావి మూడు వందలు."

కేదారుడు నెత్తురు తుడుచుకుని, ఈ పేటకు సాయంకాలం గాలి ఏ పక్కనుంచి వస్తుందని మాత్రం అడిగాడు. ఆమె కాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయింది. గుంటలో మట్టి ముట్టుకుంటే చేతులు విరుస్తామని కుర్రకారు హెచ్చరించారు. తాగడానికి నీళ్ళు కూడా ఎవరూ పోయలేదు.

మొదటి రోజంతా కేదారుడు ఏ పనీ చేయలేదు. పేట అంచున మూడు పొట్టి కానుగ చెట్లు ఉన్నాయి, ఎండాకాలంలో కూడా పచ్చగా. వాటి కింద కూర్చుని నీడ ఏ గడియకు ఎక్కడ పడుతోందో పుల్లలు గుచ్చి చూశాడు. చీమలు ఏ పుట్టలోంచి ఏ పక్కకు గుడ్లు మోస్తున్నాయో చూశాడు. గుప్పెడు ఊక గాల్లో విసిరి అది ఎటు పోతుందో చూశాడు. ఇల్లు కట్టమంటే చీమల వెంట తిరుగుతున్నాడని పేట పేటంతా నవ్వింది. పొద్దు వాలేసరికి అతడికి కావలసినది తెలిసింది. చంపే గాలి పడమటిది. బతికించే గాలి దక్షిణంగా, కుమ్మరిగుంట తడిమీదుగా, సన్నగా వస్తుంది. పడమటికి వీపు తిప్పి, దక్షిణానికి నోరు తెరిచి కూర్చోవాలి ఇల్లు. చెట్లు కొట్టడానికి వీల్లేదు. చెట్లనే ఇంటి నడుమ నిలపాలి.

మర్నాడు పేటవాళ్ళ గుంట జోలికి పోకుండా, దాని ఆవల పనికిరాదని వదిలేసిన గరుకు మట్టి తవ్వాడు. గడ్డీ ఊకా కలిపి, ఒక్కడే కాళ్ళతో తొక్కి, మూడు కానుగలనూ చుట్టి నెలవంక ఆకారంలో మొదటి వరుస గోడ పెట్టాడు. మూడు మూరల మందం. ఎండకు అది పూటలో ఆరింది. దానిమీద రెండో వరుస. అయిదో రోజు కరాళుడు నలభై గుర్రాలతో వచ్చి, దారి తప్పినట్టు నటిస్తూ ఆ గోడల మీదుగా తొక్కించి పోయాడు. కేదారుడు దుమ్ములోంచి లేచి, విరిగిన పెళ్ళలు ఏరి, నానబెట్టి, మళ్ళీ మొదటి వరుస పెట్టాడు. ఆరో రోజు మళ్ళీ తొక్కించారు. మళ్ళీ పెట్టాడు. అరికాళ్ళు పగిలి మట్టిలో నెత్తురు కలిసింది. ఓబవ్వ తన సారె ముందు కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది.

ఏడో రోజు తెల్లవారేసరికి ఆమె నలభై మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. అందరి నెత్తిమీదా కుండలు.

"నీ మీద ప్రేమ పుట్టి రాలేదబ్బీ. పోయిన రోహిణికి మా వీధిలో పదునాలుగు మందిని మోసినాం. ఈసారీ ఎట్టాగూ చచ్చేదే. ఆ చచ్చేదేదో మట్టిలో చద్దాం, రాతిలో కాదు."

అంతే. పేట మొత్తం గుంటలోకి దిగింది. నలభై గుర్రాలకు మూడు వందల మంది అడ్డంగా నిలబడితే, పందెం చెడుతుందన్న భయంతో కరాళుడు కళ్ళేలు తిప్పక తప్పలేదు. పడమటి గోడ నిండా పగిలిన కుండలూ, మంచి కుండలూ మూతులు బయటికి పెట్టి మట్టిలో పాతారు. ఆ ఖాళీ కుండలు ఎండను లోపలికి రానివ్వవని కేదారుడు చెప్పాడు. అవి పక్షులకు గూళ్ళు కూడా అవుతాయన్నాడు. దక్షిణపు గోడలో మోకాలెత్తున వరసగా కంతలు వదిలి, ఒక్కొక్క కంతలో నీళ్ళ కుండ కూర్చోబెట్టాడు. లోపలికి రావాలంటే గాలి ఆ తడి కుండల్ని రాసుకునే రావాలి. మోడుబారిన తాటితోపులో పడిపోయిన మొద్దులు తెచ్చి దూలాలు వేశారు. దూలాలపై తాటాకు, తాటాకుపై మట్టి, మట్టిపై బోర్లించిన ముంతలు, వాటిపై మళ్ళీ మట్టి, అన్నిటికీ పైన తెల్లటి సున్నం. పేటవాళ్ళ స్నానాల నీళ్ళు వృథాగా ఇంకిపోకుండా ఇంటి చుట్టూ కాలవ తీసి, అందులో తుంగ నాటి, గోడలకు తిప్పతీగ పాకించాడు.

గొడవ వచ్చినది గబ్బిలాల దగ్గర. తూర్పు గోడ పైభాగాన, చెయ్యి పట్టేంత సన్నటి చీలికలు వరసగా వదిలాడు కేదారుడు. రెండు రోజుల్లో వాటి నిండా గబ్బిలాలు చేరాయి. మగవాళ్ళు పొగబెట్టడానికి వచ్చారు. గబ్బిలం దూరిన కొంప పాడుపడుతుందని, నువ్వు జ్వాలాకంఠుడి మనిషివేనని ఒకడు అతడి గొంతు పట్టుకున్నాడు.

కేదారుడు ఆ చెయ్యి విడిపించుకోలేదు. "పాడుపడిన కొంపలోనే గబ్బిలం దూరుతుందన్నా. కొంపను పాడుచేసేది అది కాదు. కుమ్మరిగుంట దోమల వల్ల జ్వరం వచ్చి మీలో ఎంతమంది పోయారు? ఒక్కొక్క గబ్బిలం ఒక్క పూటలో గుప్పెడు దోమల్ని తింటుంది. దానికి చోటివ్వకపోతే దోమకు చోటిచ్చినట్టే."

ఓబవ్వ పొగకుండ తన్నేసింది. గొంతు పట్టుకున్నవాడు మాత్రం చివరిదాకా కేదారుడితో మాట్లాడలేదు. మట్టి మోస్తూనే ఉన్నాడు, మాట్లాడలేదు.

పదిహేనో రోజు మిట్టమధ్యాహ్నం ధూమస్తంభం నోట్లోంచి మూడు ఇత్తడి గద్దలు పైకి లేచాయి. ఒక్కొక్కటి దున్నపోతంత. ముక్కుల్లో కణకణమండే బొగ్గులు. ఎండలో రెక్కలు తళుక్కుమంటూ అవి పేటమీదికి వాలేసరికి, ఇంటి నడికప్పుపై తాటాకు ఇంకా మట్టి పడక విప్పారి ఉంది. మొదటి గద్ద అక్కడే బొగ్గు రాల్చింది. మంట నాలుక చాచింది. కప్పుమీద ఉన్న కేదారుడు తడి గోనెపట్టాతో దాన్ని చావబాదుతుండగా, రెండో గద్ద వెనకనుంచి వచ్చి అతడి భుజంలో గోళ్ళు దించి గాల్లోకి లేపింది. ఇల్లు చేటంతై పోయింది, మనుషులు చీమలంతై పోయారు. కేదారుడు పళ్ళు బిగించి, ఒక చేత్తో దాని కాలు పట్టుకుని, రెండో చేత్తో నడుమునున్న ఉలిని రెక్క కీలులోకి దిగగొట్టాడు. రెక్క బిగుసుకుపోయింది. గద్దా మనిషీ గిరికీలు కొడుతూ వచ్చి కుమ్మరిగుంట నడిమధ్యన పడ్డారు. బుస్సుమని ఆవిరి లేచింది. కేదారుడు బురద ఉమ్ముకుంటూ తేలాడు. గద్ద రెండుగా పగిలి ఉత్త ఇత్తడి ముద్దయింది.

ఈలోగా ఓబవ్వ ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి తడిమట్టి ముద్దలు విసిరించింది. గురి తప్పే చేతులు కావవి. ముద్దమీద ముద్ద అతుక్కుని, ఎండకు బిగిసి, మొదటి గద్ద రెక్కలు ఆడక తలకిందులుగా నేల కరిచింది. మూడోది ముక్కులో బొగ్గుతోనే వెనక్కి తిరిగింది. అది తప్పించుకుపోవడమే చిక్కు తెచ్చిపెట్టింది. వేడిగాలి పైకి పోవడానికి నడికప్పులో ఒక పెద్ద కంత వదలాలని కేదారుడి ఆలోచన. ఆ గద్ద మళ్ళీ వస్తే నిప్పు ఆ కంతలోంచే ఇంట్లో పడుతుంది. మనసొప్పకపోయినా కప్పు మొత్తం మట్టితో మూసేశాడు.

రోహిణి చివరి రోజు వచ్చింది. ఆనాడు రోళ్ళు పగలడం సామెతలో మాటగా మిగల్లేదు. ఓబవ్వ వాకిట్లో రోలు తెల్లవారిన నాలుగు గడియలకే రెండు చెక్కలైంది. రాజు రణధవళుడు పేట ఎదుట పందిరి వేయించుకుని, ఏనుగుదంతపు ఆసనంపై కూర్చున్నాడు. పేట జనం ముసలీ ముతకా, చంటిబిడ్డలతో సహా లోపలికి నడిచారు. చివరగా ఒక ముసలి జంగమయ్య వంగిన నడుముతో వచ్చి, ఈ ఎండలో ఎక్కడికీ పోలేను, నీడలో ఇంత చోటివ్వమని అడిగాడు. కేదారుడు చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయాడు. కరాళుడు బయటనుంచి ఇనుప గడియ బిగించాడు.

పొద్దెక్కింది. ధూమస్తంభం ఆనాడు మామూలుగా బుస కొట్టలేదు, సింహంలా గర్జించింది. నల్లరాతి నగరమంతా ఒక్కసారిగా వేడి కక్కి, ఆ కక్కినదంతా పడమటి గాలిలో పేటమీదికి తోసింది. బయట భటుల డాళ్ళు చేతుల్లో పట్టుకోలేనంత కాలాయి. లోపల మాత్రం అలికిన నేల చల్లగా, తడిగా ఉంది. కుండల మీదుగా గాలి సన్నగా వస్తోంది. కానుగ ఆకులు కదులుతున్నాయి. పడమటి గోడ కుండల్లో పిచ్చుకలు చేరిన అలికిడి లోపలికి వినబడుతోంది. దక్షిణపు గోడ కంతల్లోంచి గోరువంకలు, చిలుకలు, కాకులు ముక్కులు తెరుచుకుని వచ్చి దూలాలపై కూర్చున్నాయి. ముంగిస ఒకటి కాలవ తూములోంచి దూరింది. దాని వెనకే ఒక త్రాచు. జనం హడలి లేవబోయారు. దాని జోలికి పోకండని, దానికీ ఎండే తగిలిందని ఓబవ్వ అందరినీ కూర్చోబెట్టింది. పాము మూల కుండకు చుట్టుకుని పడుకుంది. ముంగిస దానివైపు చూడనైనా లేదు.

మధ్యాహ్నమైంది. గాలి మందగించింది. పైకి పోవలసిన వేడి కప్పు కింద చిక్కుకుని, మెల్లమెల్లగా కిందికి దిగసాగింది. చంటిబిడ్డలు ఏడుపు మానేశారు. ఆ మానడమే కేదారుణ్ణి భయపెట్టింది. నీళ్ళు చల్లుతూ ఇటూ అటూ తిరుగుతున్న అతడి చూపు నేలమీద ఒకచోట ఆగింది. తడి అలుకు మీద తెల్లటి, పొడి అడుగుజాడలు. అవి వాకిలి నుంచి చెట్ల దాకా సాగాయి. జంగమయ్య నడిచినచోటల్లా నేల ఎండిపోయి ఉంది.

ముసలివాడు అప్పటికే మొదటి కానుగ మొదట్లో అరచెయ్యి ఆనించాడు. చెయ్యి పెట్టిన చోటునుంచి పైదాకా చెట్టు ఆకులు కమిలి రాలసాగాయి.

కేదారుడు ఒక్క దూకులో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అతడి అరచేతి చర్మం చుర్రుమని కాలింది, అయినా వదల్లేదు. ముసలివాడి వంగిన నడుము నిటారైంది. తెల్లజుట్టు రాగిజడలైంది. జ్వాలాకంఠుడు నోరు తెరిచాడు.

"రాజు అనుకుంటున్నాడు ఇది కిటికీల పందెమని. స్తంభం అడుగున మహాజ్వాల ఆకలిమీద ఉంది. పొద్దు గుంకేలోగా దానికి మూడు వందల ప్రాణాలు కావాలి. నువ్వు వాటిని ఒకచోట చేర్చి పెట్టావు."

అతడి గొంతులోంచి నిప్పు ఎగదన్నింది. కేదారుడు తల తిప్పుకున్నాడు, భుజం కాలింది. ఇద్దరూ పెనుగులాడుతూ తూర్పు గోడకు గుద్దుకున్నారు. ఆ అదురుకు చీలికల్లోంచి వేలకొద్దీ గబ్బిలాలు నల్లటి వరదలా వెలికివచ్చి మాంత్రికుడి ముఖాన్ని కమ్మేశాయి. అతడు కళ్ళు కప్పుకున్నాడు. అదే అదనుగా ఓబవ్వ నిండు నీళ్ళ బానను రెండు చేతులా ఎత్తి, తెరిచిన ఆ నోట కుమ్మరించి, బానను కూడా నెత్తిన బద్దలు కొట్టింది. గొంతులో నిప్పు చుంయ్‌మని సగం ఆరింది. జ్వాలాకంఠుడు గావుకేక పెట్టి, పొగ సుడిగాలై పైకి లేచి, నడికప్పును మట్టీ ముంతలతో సహా బద్దలుకొట్టుకుని వెళ్ళిపోయాడు.

కప్పులో బండి చక్రమంత కంత పడింది. తలుపు తెరవమని కొందరు బాదారు, కొందరు కేదారుణ్ణి తిట్టారు. కేదారుడు మాత్రం ఆ కంత కింద తలెత్తి నిలబడి, రాలిన కానుగ ఆకు ఒకటి పైకి విసిరాడు. ఆకు కింద పడలేదు. సుడి తిరుగుతూ పైకి లేచి, కంతలోంచి ఆకాశంలోకి పోయింది. చిక్కుకున్న వేడంతా దాని వెంటే పైకి పోతోంది. పైకి పోయినకొద్దీ దక్షిణపు కుండల మీదుగా చల్లగాలి ఈలవేస్తూ లోపలికి దూసుకు వచ్చింది. ఎక్కడో ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఓబవ్వ నేలమీద చతికిలబడి, మొదటిసారి నవ్వింది.

పొద్దు వాలింది. గడియ తీశారు. మూడు వందల మంది నడిచి బయటికి వచ్చారు. మోసుకు రావలసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళను చూడడానికి ఏనుగుదంతపు ఆసనం మీద రాజు లేడు. పొగ సుడిగాలి వెంట నగరానికి పోయిన అతడు ఉత్తకాళ్ళతో, కిరీటం లేకుండా, నగరం దిక్కునుంచి పరుగెత్తి వస్తున్నాడు. పందెం నీదేనని, ఆ మాట తర్వాత అనుకుందామని రొప్పుతూ చెప్పాడు. నెత్తురు కారే ముఖంతో జ్వాలాకంఠుడు రాజమందిరంలో దూరి, నలువైపులా ఇనుప ద్వారాలు దించేశాడట. లోపల మహారాణి, పరిజనం, వంటవాళ్ళు, దాదులు అంతా కలిసి అయిదు వందల మంది. ఇక్కడ దొరకని ఆహారం మహాజ్వాలకు అక్కడ పెట్టబోతున్నాడు. కొట్టడి గోడల్లా కాక బారెడు మందమున్న మందిరం గోడలు ఏ సమ్మెటకూ పగలడం లేదు.

ఓబవ్వ దారికి అడ్డంగా నిలబడింది. "మావాళ్ళు పదునాలుగు మంది చచ్చేటప్పుడు నీ తలుపు తట్టినాం. తీసినావా?"

రాజు తల దించుకున్నాడు. పేటలో ఒక్కరూ కదల్లేదు. వాడి రాయి, వాడి చావు అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు అందరి నోళ్ళలోనూ పాకింది. కేదారుడి మనసులోనూ అదే మాట ఉంది. రణధవళుణ్ణి చూస్తుంటే అతడి కాలిన చెయ్యి పిడికిలిగా బిగుసుకుంది. కొంతసేపటికి ఆ పిడికిలి విప్పి, గుంట ఒడ్డున పడి ఉన్న తాటినార మోకు తీసుకున్నాడు.

"మా అక్క లోపల ఉన్నప్పుడు కూడా ఎవరో బయట నిలబడి ఇదే అనుకుని ఉంటారవ్వా" అన్నాడు.

ఓబవ్వ వంగి, గుంటలోని బురద రెండు చేతులా తీసి, తలనుంచి కాళ్ళదాకా అతడి ఒంటికి మందంగా పూసింది.

పేట జనం అతడి వెంట నగరం నడిబొడ్డుకు చేరేసరికి ధూమస్తంభం నోట ఆవిరి ఆగిపోయి ఉంది. మహాజ్వాల తన గుంట వదిలి మందిరంలోకి పాకిందన్నమాట. లోపలికి దారి అంటూ మిగిలితే ఆ నోరు ఒక్కటే. స్తంభం వెలుపల ఇనుపమెట్లు ఉన్నాయి. కాళ్ళకు తడిగుడ్డలు చుట్టుకుని కేదారుడు ఎక్కాడు. కొస మెట్టు చేరేసరికి గుడ్డలు బొగ్గయ్యాయి. మోకు ఒక కొస నడుముకు బిగించుకుని, నోటి అంచుమీదుగా రెండో కొసను కిందికి జారవిడిచాడు. ఒకసారి లాగితే ఆపాలి, రెండుసార్లకు ఇంకా వదలాలి, మూడుసార్లకు పైకి లాగాలి. అలా అనుకున్నారు. పశ్చిమాన పొద్దు అంచుమీద ఉంది. ఆ ఎర్రటి వెలుగులో కిందికి చూస్తే, మోకు పట్టుకున్న పేట జనం కనిపించారు. ముందు ఓబవ్వ. గొంతు పట్టుకుని ఆ తర్వాత మాట్లాడని మనిషి ఆమె వెనక. అందరికన్నా చివర, మోకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులకూ చుట్టుకుని, రాజు రణధవళుడు.

కేదారుడు చీకటి గొట్టంలోకి దిగాడు. ఒక తాటిచెట్టు లోతు. మూడు. అయిదు. ఒంటిమీద బురద ఎండి పెళ్ళలుగా రాలుతోంది. ఏడో తాటిచెట్టు లోతుకు చేరేసరికి, కింద పక్కగోడలో వంగి దూరగలిగేంత రంధ్రం కనిపించింది. అందులోంచి సన్నగా, చాలామంది ఆడవాళ్ళ దగ్గు వినిపిస్తోంది. మందిరంలోకి దారి అదే. కానీ ఆ రంధ్రం ఇంకా నాలుగు బారల కింద ఉంది.

సరిగ్గా అప్పుడే అడుగున, అంతవరకూ నల్లగా ఉన్న గుంటలో, ఎర్రటి గీత ఒకటి మెరిసింది. అది వెడల్పయింది. రెప్ప విప్పిన కన్నులా పైకి చూసింది. వేడి ఒక్క ఊపున ఎగదన్ని కేదారుడి కనుబొమలు మాడ్చింది. మహాజ్వాల తన గుంటకు తిరిగి వచ్చింది, పైన ఏదో వేలాడుతున్నదని దానికి తెలిసింది. మోకు నార ఒక్కొక్క పోగే చిటచిటమంటూ తెగుతున్న చప్పుడు చెవి పక్కనే వినిపించింది. మూడుసార్లు లాగితే బయటనున్న మూడు వందల చేతులు రెప్పపాటులో అతణ్ణి ఆకాశంలోకి లాగేస్తాయి.

కేదారుడు మోకును రెండుసార్లు లాగాడు.